విమర్శలు కుంగదీస్తున్నప్పుడు విశ్వాసంతో నిలబడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే అక్కలు, పాటల బృందంలోని యువకులు, పల్లెల్లో చిన్న సంఘాలను కాస్తున్న కాపరులు, వారి భార్యలు తరచూ అడిగే ప్రశ్నలివి. జవాబులు ఎక్కువగా నెహెమ్యా గ్రంథం చుట్టూ తిరుగుతాయి. ఎగతాళి, బెదిరింపు, పుకారు, సొంతవారి ఫిర్యాదు, డబ్బిచ్చి చెప్పించిన ప్రవచనం, ఇవన్నీ ఒకే పని మీద వరుసగా వచ్చి పడ్డాయి. వాటిని భరించినవాడే తన మాటల్లో మనకు రాసి ఇచ్చాడు. అందుకే ఆ గ్రంథాన్ని ఎంచుకున్నాం.

నెహెమ్యా కథ క్లుప్తంగా చెబుతారా?

పారసీక రాజు అర్తహషస్తకు షూషను కోటలో ద్రాక్షారసం అందించే ఉద్యోగి నెహెమ్యా. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చింది. దాదాపు 140 ఏళ్ల తరువాత కూడా ఆ పట్టణపు గోడ పడిపోయే ఉందని, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయని అతని సోదరుడు హనానీ వచ్చి చెప్పాడు. ఆ వార్త విన్నది కిస్లేవు మాసంలో. రాజును అనుమతి అడిగింది నీసాను మాసంలో. ఆ మధ్యనున్న నాలుగు నెలలూ అతనికి ఏడుపుతో, ప్రార్థనతో గడిచాయి. క్రీ.పూ. 445లో యెరూషలేముకు వచ్చాడు. మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక రాత్రి కొద్దిమందితో వెళ్లి గోడ చుట్టూ తిరిగి చూశాడు. ఆ తరువాతే ప్రజలను పిలిచాడు.

పని మొదలు కాకముందే సన్బల్లటు, టోబీయా, గెషెము అనే ముగ్గురు నవ్వడం మొదలుపెట్టారు. సన్బల్లటు పేరు బైబిలు బయట కూడా దొరుకుతుంది. ఈజిప్టులోని ఎలిఫెంటైన్ దీవిలో బయటపడిన క్రీ.పూ. 407 నాటి ఒక ఉత్తరం అతన్ని సమరయ అధిపతి అని పేర్కొంటుంది. అంటే నెహెమ్యాను ఎగతాళి చేసినవాడు దారిన పోయే మనిషి కాదు, పక్క రాష్ట్రాన్ని ఏలే అధికారి. అధికారం ఉన్నవారు నవ్వితే చుట్టూ ఉన్నవారు కూడా నవ్వుతారు. ఆ నవ్వు బరువు ఎంతటిదో మనకు తెలియనిది కాదు.

విమర్శ విన్న వెంటనే ఏం చేయాలి?

జవాబు చెప్పకండి. ముందు దేవునితో మాట్లాడండి.

నాలుగో అధ్యాయంలో సన్బల్లటు తన సైనికుల ముందు నిలబడి, ఈ బలహీనులైన యూదులు ఏం చేయగలరని అడిగాడు. వాళ్లు కట్టిన గోడ మీదికి నక్క ఎక్కినా అది పడిపోతుందని టోబీయా అందుకున్నాడు. వారికి నెహెమ్యా ఇచ్చిన జవాబు ఆ అధ్యాయంలో లేదు. ఆ వెంటనే ఉన్నది ప్రార్థన. ప్రార్థన ముగిసిన మరుసటి వాక్యంలోనే గోడ సగం ఎత్తుకు లేచింది. ప్రజలకు పని చేయాలనే మనసు ఉందని రాసి ఉంది.

ఆచరణలో ఇది ఇలా ఉంటుంది. ఎవరైనా మీ పాట గురించి, మీ ప్రసంగం గురించి, మీ పిల్లల పెంపకం గురించి మనసు విరిగే మాట అన్నారు. "మీరు చెప్పింది విన్నాను, ఆలోచించి మాట్లాడతాను" అని చెప్పి బయటకు రండి. అదే రోజు, వీలైతే అదే గంటలో, ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా దేవుని ముందు చెప్పండి. ఎవరు అన్నారు, ఎలా అన్నారు, మీకు ఎక్కడ తగిలింది, అన్నీ చెప్పండి. అందంగా చెప్పనక్కరలేదు. ఆ తరువాత రేపటి పాఠం సిద్ధం చేసుకోండి. బాధ పూర్తిగా తగ్గాక పని మొదలుపెడదామని ఆగితే ఆ రోజు చాలాకాలం రాకపోవచ్చు.

నెహెమ్యా ఆ సమయంలో చేసిన ప్రార్థన చాలా కఠినంగా ఉంది. క్రైస్తవులు అలా ప్రార్థించవచ్చా?

నిజమే. వారి నింద వారి తలమీదికే రావాలని, వారి పాపం తుడిచివేయవద్దని అడిగాడు. కొండమీది ప్రసంగంలో యేసు, హింసించేవారి కోసం ప్రార్థించమన్నాడు. ఈ రెండింటినీ చదివి చాలామంది తికమకపడతారు.

నేను అర్థం చేసుకున్నది ఇది. నెహెమ్యా తన కోపాన్ని సన్బల్లటు మీద చూపలేదు, దేవునికి అప్పగించాడు. అతని దగ్గర మనుషులున్నారు, రాజు పంపిన సైన్యాధిపతులు, గుర్రపు రౌతులు ఉన్నారు. అయినా ప్రతీకారం తన చేతిలోకి తీసుకోలేదు. కీర్తనల్లోనూ ఇలాంటి ప్రార్థనలు చాలా ఉన్నాయి. మనసులో ఉన్న చేదును దాచుకొని పైకి "వారిని దీవించు ప్రభువా" అనే ప్రార్థన కంటే, ఉన్న చేదును దేవుని ముందు కక్కివేసే ప్రార్థన నిజాయితీ గలది. అయితే మనం అక్కడే ఆగిపోవడానికి వీల్లేదు. సిలువ మీద తనను ఎగతాళి చేసినవారి కోసం క్షమాపణ అడిగిన ప్రభువును వెంబడిస్తున్నాం. చేదుతో మొదలైన ప్రార్థన క్షమాపణ వరకు నడవాలి. కొందరికి అది ఒక రాత్రిలో జరుగుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. ఏళ్లు పట్టిందని మీ విశ్వాసం చిన్నదని అనుకోకండి.

ఏ విమర్శను పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి?

దీన్ని నాలుగో అధ్యాయంతో పాటు ఐదో అధ్యాయాన్ని కూడా చదివితేనే తెలుసుకోగలం. మన ప్రసంగాల్లో నాలుగు, ఆరు అధ్యాయాలు ఎక్కువగా వినిపిస్తాయి. మధ్యనున్న ఐదోదాన్ని దాటి వెళ్లిపోవడం పెద్ద నష్టం.

గోడ పని జరుగుతుండగానే పేదలు మొరపెట్టారు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామని, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామని, పిల్లలను దాసులుగా ఇవ్వవలసి వచ్చిందని చెప్పారు. వారు వేలు చూపింది బయటి శత్రువుల వైపు కాదు, తోటి యూదులైన పెద్దల వైపు. నెహెమ్యాకు కోపం వచ్చింది. అయితే వెంటనే ఏమీ అనలేదు, తనలో తాను ఆలోచించుకున్నానని రాశాడు. తరువాత పెద్దలను నిలదీశాడు. అంతటితో ఆగక, తానూ తన బంధువులూ సేవకులూ కూడా ప్రజలకు డబ్బు, ధాన్యం అప్పుగా ఇచ్చామని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వడ్డీ మానేద్దాం, పొలాలు తిరిగి ఇచ్చేద్దాం అన్నాడు. తాను అధిపతిగా ఉన్న 12 ఏళ్లూ అధిపతికి రావలసిన భత్యం తీసుకోలేదు.

సన్బల్లటు మాటకు పని ఆపనివాడు పేదల మొర వినగానే పెద్ద సభ పెట్టాడు. తేడా ఏమిటి? సన్బల్లటుకు గోడ లేవకూడదు. పేదలకు గోడ కావాలి, దాన్ని కడుతున్నది కూడా వారే, కాకపోతే న్యాయం కూడా కావాలి. విమర్శను తూచడానికి నేను ఎక్కువగా వాడే కొలత ఇదే: ఈ మాట అంటున్న మనిషి పని బాగుపడాలని కోరుతున్నాడా, పని ఆగిపోవాలని కోరుతున్నాడా? మేలు కోరే స్నేహితుడు గాయం చేస్తాడని సామెతల గ్రంథం 27వ అధ్యాయం చెబుతుంది. ఆ గాయానికి థాంక్స్ చెప్పడం నేర్చుకోవాలి.

ఇంకో మాట. చెడ్డ ఉద్దేశంతో అన్న మాటలో కూడా ఒక్కోసారి నిజం ఉంటుంది. సంఘ కానుకల లెక్కలు సరిగా రాయడం లేదని మీరంటే గిట్టనివారు అన్నారనుకోండి. వారి ఉద్దేశం ఎలాంటిదైనా, లెక్కల పుస్తకం తెరిచి చూడవలసిందే.

"నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని వాక్యం ఉంది కదా? సేవకులను విమర్శించడమే తప్పు కాదా?

కాదు. 105వ కీర్తనలోని ఆ మాట, అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా పరదేశుల్లా తిరిగిన రోజుల్లో రాజులు వారికి హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి చెబుతుంది. సంఘ సభ్యుడు లెక్క అడగకుండా నోరు మూయించడానికి ఆ వాక్యాన్ని వాడటం అన్యాయం. దావీదు అభిషిక్తుడే. అతను పాపం చేసినప్పుడు ప్రవక్త నాతాను అతని ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు నాతానును గెంటివేయలేదు, పాపం ఒప్పుకున్నాడు. నచ్చని ప్రతి ప్రశ్ననూ సాతాను పని అనడం, ప్రశ్న అడిగిన ప్రతివారికీ సన్బల్లటు అని పేరు పెట్టడం మన సంఘాలకు చాలా చెరుపు చేసింది.

విమర్శించేది బయటివారు కాదు, ఇంట్లోవారే, సంఘంలోవారే. దాన్ని ఎలా తట్టుకోవాలి?

బయటివారి మాట కంటే ఇది లోతుగా దిగుతుంది. అందుకే బైబిలు దీన్ని దాచలేదు. గొల్యాతు ముందుకు వెళ్లకముందు దావీదు ఎదుర్కొన్నది తన పెద్దన్న ఏలీయాబు కోపాన్ని. ఆ కొద్ది గొర్రెలను ఎవరికి వదిలి వచ్చావని, నీ గర్వం నాకు తెలుసని అందరి ముందూ అన్నాడు. దావీదు ఒక్క మాటతో సరిపెట్టి, అతని వైపు నుంచి పక్కకు తిరిగాడు. యేసు ఇంటివారు ఆయనకు మతి చలించిందనుకొని పట్టుకోవడానికి వచ్చారని మార్కు మూడో అధ్యాయంలో ఉంది. పిల్లలు లేని హన్నాను ఏటేటా ఎత్తిపొడిచినది ఒకే ఇంట్లో ఉన్న పెనిన్నా. ఆలయంలో ఆమె పెదవులు కదపడం చూసి, తాగి వచ్చావని గద్దించినవాడు యాజకుడైన ఏలీ. ఓదార్చవలసిన చోటే నింద ఎదురైంది. హన్నా గొడవపడలేదు, మౌనంగా వెళ్లిపోనూ లేదు. "కాదు ప్రభువా, నేను మనోదుఃఖం గల స్త్రీని" అనే అర్థంలో మర్యాదగా, సూటిగా చెప్పింది. విన్న ఏలీ తన మాట మార్చుకొని ఆమెను దీవించాడు. తప్పుగా అర్థం చేసుకున్నవారికి ఒకసారి నిజం చెప్పి చూడటం మంచిదే అనడానికి నాకు ఈ సంఘటన ధైర్యం ఇస్తుంది.

సంఘంలో కొందరు ఏ పనికీ చేయి కలపరు, మాటలు మాత్రం అంటారు. నెహెమ్యా మూడో అధ్యాయం చూడండి. తెకోవ అనే ఊరి పెద్దలు పనికి మెడ వంచలేదని ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగాడు. అదే తెకోవకు చెందిన సామాన్యులు తమ భాగం పూర్తి చేసి, ఇంకో భాగం కూడా బాగుచేశారని అదే అధ్యాయంలో ఉంది. బంగారపు పనివారు, సుగంధ ద్రవ్యాలు చేసేవారు, షల్లూము కుమార్తెలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. చేయనివారి గురించి నెహెమ్యాకు ఒక్క వాక్యం సరిపోయింది. చేసినవారి పేర్లకు అధ్యాయం అంతా కావలసి వచ్చింది.

వాట్సాప్ గ్రూపులో నా మీద అబద్ధం రాశారు. ప్రతి మాటకూ జవాబు ఇవ్వాలా?

ఒకసారి ఇవ్వండి, చాలు. ఓనో మైదానంలో కలుసుకుందామని నెహెమ్యాకు నాలుగుసార్లు కబురు వచ్చింది. గొప్ప పని చేస్తున్నాను, దిగి రాలేనని నాలుగుసార్లూ ఒకే జవాబు పంపాడు. ఐదోసారి సన్బల్లటు మూయని ఉత్తరం పంపాడు. దారిలో ఎవరైనా చదివేలా పంపడమే అతని ఉద్దేశం. నెహెమ్యా రాజు కావాలని చూస్తున్నాడని, తిరుగుబాటు చేయబోతున్నాడని అందులో ఉంది. గ్రూపులో పెట్టే సందేశానికీ దీనికీ తేడా లేదు. నెహెమ్యా రెండు ముక్కల్లో రాశాడు: అలాంటిదేమీ జరగడం లేదు, ఇది నీ మనసులో కల్పించుకున్నది. రుజువుల చిట్టా పంపలేదు. ఆ వెంటనే తన చేతులను బలపరచమని దేవుణ్ని అడిగాడు.

కాబట్టి నిజం ఏమిటో ఒకసారి, తక్కువ మాటల్లో, కోపం లేకుండా రాయండి. తరువాత ఆ గ్రూపు శబ్దం ఆపేసుకోండి. డబ్బు విషయంలోనో, నడవడి విషయంలోనో నింద పడితే మాత్రం గ్రూపులో వాదించకుండా సంఘ పెద్దల ముందు రాతపూర్వకంగా విచారణ కోరండి.

"ఈ పని మానుకోమని దేవుడు నీతో చెప్పమన్నాడు" అని ఒకరు ప్రవచించారు. భయంగా ఉంది.

షెమయా అనేవాడు ప్రవచనంలా నెహెమ్యాతో సరిగ్గా అలాగే మాట్లాడాడు. నిన్ను చంపడానికి రాత్రి వస్తున్నారు, దేవాలయంలో దాక్కొని తలుపులు వేసుకుందాం అన్నాడు. తనలాంటివాడు పారిపోవచ్చా అని నెహెమ్యా అడిగాడు. టోబీయా, సన్బల్లటు డబ్బిచ్చి షెమయా చేత చెప్పించారని తరువాత గ్రహించాడు. భయపెట్టి వెనక్కి లాగే మాటను వాక్యంతో, ప్రార్థనతో, నమ్మదగిన ఇద్దరు ముగ్గురు పెద్దల ఆలోచనతో పరీక్షించే హక్కు మీకుంది. తొందరపడి లోబడనక్కరలేదు.

ఏళ్లుగా ఫలితం లేదు. "వదిలేయండి" అంటున్నవారి మాటే నిజమేమో అనిపిస్తోంది.

నెల్లూరు, ఒంగోలు కథ తెలిసిన తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఈ మిషన్ మూసేద్దామనే చర్చ స్వదేశంలోని సొసైటీలో మళ్లీ మళ్లీ లేచింది. విమర్శించినవారు దుర్మార్గులు కారు, దాతల డబ్బుకు లెక్క చెప్పవలసినవారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ చర్చ మళ్లీ వచ్చింది. పటం మీద ఒంటరిగా కనిపించిన నెల్లూరును చూసి ఒకరు దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాట మీద ఆ రాత్రే ఒక పద్యం రాశాడు. మిషన్ ఆగలేదు, ఆ పేరే దానికి స్థిరపడింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన మిషనరీ లైమన్ జ్యుయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. జవాబు ఆ ఏడాది రాలేదు, ఆ తరువాతి ఏడాదీ రాలేదు. 1862లో జ్యుయెట్ స్వదేశంలో ఉన్నప్పుడు మళ్లీ మూసివేత మాట వచ్చింది. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, వారి మధ్యే బతికి వారి మధ్యే చనిపోతాను అనేంత పట్టుదల చూపాడు. చివరికి మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. కొండ మీది ప్రార్థనకూ దానికీ మధ్య 12 ఏళ్లు.

క్లౌ మీద విమర్శలు ఇంకో రకానివి. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు తేల్చిచెప్పారు. ఏం చేయాలో తోచక ఆయనా, ఆయన భార్యా వేర్వేరుగా ప్రార్థిస్తూ బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయుల మొదటి అధ్యాయంలోని ఒకే భాగం వచ్చిందని చెబుతారు. లోకం బలహీనులని, నీచులని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట అది. వారు మాదిగల వైపే నిలబడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతం మారుతున్నారనే మాట వస్తుందని ఎరిగి, కరువు సహాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. విమర్శలో ఉన్న న్యాయాన్ని పట్టుకొని పని సాగించడం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

శామ్యూల్ డే ఆ రోజు చూడలేదు, అప్పటికే కన్నుమూశాడు. మీకూ చివరికి పెద్ద ఫలితం కళ్ల ముందే కనిపిస్తుందని మాట ఇవ్వడానికి నాకు అధికారం లేదు. డే చేసిన పని మాత్రం వ్యర్థం కాలేదని చెప్పగలను.

ప్రార్థన చేసే ఓపిక కూడా లేదు. ఏం చేయాలి?

తినండి, పడుకోండి. రాణి యెజెబెలు బెదిరింపుకు పారిపోయి బదరీవృక్షం కింద కూర్చొని, చనిపోతే బాగుండునని ఏలీయా కోరుకున్నాడు. దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుని స్వరం విన్నది ఆ తరువాత.

సొంత మాటలు రానప్పుడు 42వ కీర్తనను పైకి చదవండి: "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" చదవడం కూడా కష్టమైతే మీ పక్కన కూర్చొని చదవమని ఎవరినైనా అడగండి. నిద్ర పట్టక, ఆకలి లేక వారాలు గడుస్తుంటే, బతకాలని లేదనిపిస్తుంటే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ నంబరు 14416. దానికి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. వైద్యుడి సాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు.

ఓర్చుకోవడం అంటే ఏది చేసినా భరించడమా?

కాదు. భర్త కొట్టడం, పెద్దలు బెదిరించడం, ఒంటరిగా రమ్మని వేధించడం విమర్శ కిందికి రావు. అవి నేరాలు. "సిలువ మోయాలి తల్లీ" అని అలాంటివారిని వెనక్కి పంపడం పాపమని నేను నమ్ముతాను. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకొని పారిపోయాడు. స్త్రీల సహాయానికి 181 నంబరు ఉంది.

పరిచర్య నుంచి కొంతకాలం తప్పుకోవడం కూడా ఓటమి కాదు. ఆరోగ్యం, ఇల్లు దెబ్బతింటుంటే పెద్దలతో మాట్లాడి బాధ్యత మరొకరికి అప్పగించండి. కోపంలో ఆదివారం రాత్రి రాజీనామా ఉత్తరం రాయవద్దు. కనీసం వారం ఆగండి.

మా సంఘంలో ఒకరు విమర్శలతో కుంగిపోయారు. మేము ఎలా ఆదరించగలం?

ముందు వినండి. వెంటనే వాక్యం చెప్పాలన్న తొందర వద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నంత వరకు మంచి స్నేహితులే, నోరు తెరిచాకే చెడగొట్టారు.

తరువాత, చేసే పనిలో ఒక భాగం పంచుకోండి. యెరూషలేము గోడ మీద కొందరు ఈటెలు పట్టుకొని కాపలా కాస్తే మిగతావారు కట్టారు. ఎక్కడ బూర వినిపిస్తే అక్కడికి అందరూ పరుగెత్తి రావాలని ముందే అనుకున్నారు. ఆదివారపు బడి టీచరును ఎవరో నిందించారని తెలిస్తే, ఆ వచ్చే ఆదివారం మీరు వెళ్లి ఆమె తరగతిలో కూర్చోండి, చిన్నపిల్లల గుంపును మీరు చూసుకోండి. ఆమె లేనిచోట ఆమె గురించి మాట వస్తే "ఆమెనే అడుగుదాం రండి" అని లేవండి. ఆమె పాఠం వల్ల మీ బిడ్డ నేర్చుకున్నదేమిటో ఒక కాగితం మీద రాసి, మీ పేరు పెట్టి, ఆమె చేతికి ఇవ్వండి.